రౌటర్‌లో ఒక ఐపీ, బయట ఇంకో ఐపీ

ప్రశ్న: బెంగళూరు మారతహళ్లిలో ఉంటున్నాం. ఊరెళ్లినప్పుడు ఇంటి కెమెరాలు ఫోన్‌లో చూసుకుందామని డీవీఆర్‌కు (కెమెరాల రికార్డింగ్ బాక్స్) పోర్ట్ ఫార్వర్డింగ్, అంటే బయటి నుంచి నేరుగా దానికి చేరే దారి, పెట్టాను. ఇంట్లో వైఫై మీద బాగానే కనిపిస్తున్నాయి. మొబైల్ డేటాకి మారితే కనెక్ట్ కావట్లేదు. రౌటర్ మార్చేయమంటారా సార్?

జవాబు: వద్దు, డబ్బు దండగ. ముందు చిన్న పరీక్ష చేయండి. రౌటర్ సెట్టింగ్స్‌లోకి వెళ్లి స్టేటస్ పేజీలో ‘వ్యాన్ ఐపీ’ (బయటి నెట్ వైపు రౌటర్‌కున్న అడ్రస్ నంబర్) ఎంతుందో రాసుకోండి. తర్వాత అదే వైఫై మీద గూగుల్‌లో మీ ఐపీ ఏమిటో వెతకండి. వీపీఎన్ ఉంటే ఆపేయండి. రెండు నంబర్లూ ఒకటే అయితే మీకు పబ్లిక్ ఐపీ (బయటి నుంచి నేరుగా చేరగల, మీకే సొంతమైన అడ్రస్) ఉన్నట్టే, పొరపాటు సెట్టింగ్స్‌లో ఎక్కడో ఉంది.

వేరువేరుగా ఉన్నాయా? అప్పుడు రౌటర్‌లో కనిపించిన నంబర్ చూడండి. అది 100.64 నుంచి 100.127 లోపు మొదలైతే మీరు సీజీన్యాట్ వెనక ఉన్నారు. అంటే కంపెనీ ఒకే పబ్లిక్ ఐపీని చాలా ఇళ్లకు కలిపి వాడుతోంది. మీరు బయటికి వెళ్లే దారి ఉంటుంది, బయటి నుంచి వచ్చినవాడికి మాత్రం మీ ఇల్లు ఏదో తెలియదు. ఫ్లాట్ నంబర్ లేకుండా అపార్ట్‌మెంట్ పేరు మాత్రమే రాసిన కొరియర్ లాంటిది ఇది, గేటు దగ్గరే ఆగిపోతుంది. మీ రౌటర్‌లో ఎన్ని పోర్టులు తెరిచినా లాభం లేదు, ఎందుకంటే ఆపుతున్నది మీ రౌటర్ కాదు. ‘10.’తో మొదలైనా చాలావరకు ఇదే కథ. 192.168తో మొదలైతే మాత్రం కంపెనీ ఇచ్చిన ఫైబర్ బాక్సే ఇంకో రౌటర్‌లా పనిచేస్తుండొచ్చు. దాన్ని బ్రిడ్జ్ మోడ్‌లో (అది రౌటర్ పని మానేసి నెట్‌ను నేరుగా మీ రౌటర్‌కే అందించే పద్ధతి) పెట్టించి మళ్లీ చూడండి.

ఇందులో కంపెనీల పిసినారితనం కొంత ఉన్నా, అసలు కారణం కొరతే. పాత పద్ధతి ఐపీవీ4లో ఉన్న అడ్రస్‌లు మొత్తం 430 కోట్లకు కాస్త తక్కువ. ప్రపంచ స్థాయిలో పంచడానికి మిగిలిన చివరి బ్లాకులు 2011 ఫిబ్రవరిలోనే అయిపోయాయి. 100.64 వరుసను ఇలా ఉమ్మడిగా వాడుకోవడానికని 2012లో ప్రత్యేకంగా కేటాయించారు.

కస్టమర్ కేర్‌కి ఫోన్ చేస్తే ‘రౌటర్ ఆఫ్ చేసి ఆన్ చేయండి’ అనే మంత్రం ఎలాగూ చదువుతారు. ఓపిగ్గా విని, ‘నాకు పబ్లిక్ ఐపీ కావాలి’ అని స్పష్టంగా అడగండి. కొన్ని కంపెనీలు నెలకింత అని తీసుకుని స్టాటిక్ ఐపీ (ఎప్పుడూ మారని ఐపీ) ఇస్తాయి. నిజానికి మీ పనికి స్టాటిక్ అక్కర్లేదు. అప్పుడప్పుడు మారే పబ్లిక్ ఐపీ అయినా డైనమిక్ డీఎన్‌ఎస్‌తో (ఐపీ మారినా ఒకే పేరుతో మీ ఇంటికి చేర్చే సర్వీస్) సరిపోతుంది. సీజీన్యాట్ మీద మాత్రం ఆ డీఎన్‌ఎస్ పెట్టుకున్నా ఉపయోగం లేదు.

అయినా డీవీఆర్ పోర్ట్‌ను బయటికి తెరవడమే నాకు నచ్చదు. 2016లో మిరాయ్ అనే మాల్‌వేర్, తయారీదారు పెట్టిన పాస్‌వర్డ్‌ను మార్చని కెమెరాలు, డీవీఆర్‌లలోకి దూరి, వాటితోనే పెద్ద పెద్ద సైట్లను పడగొట్టింది. మీ డీవీఆర్‌లో ఇంకా ‘అడ్మిన్’ పాస్‌వర్డే ఉంటే ముందు దాన్ని మార్చండి. తర్వాత తయారీదారు యాప్‌లో క్యూఆర్ కోడ్‌తో కలుపుకోండి. డీవీఆరే బయటికి వెళ్లి కనెక్షన్ తెచ్చుకుంటుంది కాబట్టి సీజీన్యాట్ అడ్డు రాదు. వీడియో తయారీదారు సర్వర్ మీదుగా వెళ్లడం ఇష్టం లేకపోతే, ఇంట్లో ఎప్పుడూ ఆన్‌లో ఉండే పాత కంప్యూటర్‌లో టెయిల్‌స్కేల్ (మీ పరికరాలను మాత్రమే కలిపే వీపీఎన్ యాప్) వేసి, దాన్ని సబ్‌నెట్ రౌటర్‌గా (ఇంట్లోని డీవీఆర్‌కు దారి చూపేదిగా) పెట్టి, ఫోన్‌లోనూ అదే వేసుకోండి. ఒక ఆదివారం పూట పని. నేనైతే అదే చేస్తాను.

ప్రశ్న: చెన్నై వేళచ్చేరిలో ఉంటాం. స్టాటిక్ ఐపీ తీసుకుంటే నెట్ స్పీడ్ పెరుగుతుందని కేబుల్ అబ్బాయి అంటున్నాడు. తీసుకోమంటారా?

జవాబు: స్పీడ్ మీ ప్లాన్‌ని బట్టి ఉంటుంది, ఐపీని బట్టి కాదు. మాటిమాటికీ ‘మీరు రోబో కాదని నిరూపించండి’ అని సైట్లు అడుగుతుంటే, పిల్లల గేమ్ కన్సోల్‌లో ‘న్యాట్ టైప్ 3’ (మిగతా ఆటగాళ్లతో కలవడం కష్టమని సూచన) అని వస్తుంటే పబ్లిక్ ఐపీతో ఆ తలనొప్పి తగ్గొచ్చు. అవేవీ లేకపోతే ఆ డబ్బు పెద్ద ప్లాన్‌కి పెట్టండి.