మావాడు పారా ఎస్ఎఫ్ అంటున్నాడు, బ్యాగులో ఇటుకలు మోస్తున్నాడు, ఏం చెయ్యాలి?

శ్రీకాకుళం వైపు నుంచి ఒక తండ్రి గారు రాశారు. బాబుకి 18 దాటాయి, ఇంటర్ ఎంపీసీ పాసయ్యాడు, ఇంజనీరింగ్ వద్దంట, ఆర్మీలో పారా ఎస్ఎఫ్ (పారాచూట్ రెజిమెంట్‌లోని స్పెషల్ ఫోర్సెస్) కమాండో అవుతానంటాడు. మూడు నెలల నుంచి తెల్లారుజామున మూడింటికి లేచి కాలేజీ బ్యాగులో నాలుగు ఇటుకలు పెట్టుకుని తారు రోడ్డు మీద ఎనిమిది కిలోమీటర్లు పరిగెడుతున్నాడు, నిద్ర తక్కువైనా తట్టుకోవాలని రాత్రి పన్నెండు దాకా పడుకోడు. పది రోజుల నుంచి మోకాలి కింద ఎముక నొప్పంటున్నాడు, అయినా ఆపట్లేదు, "నొప్పిని ఓర్చుకోవడమే ట్రైనింగ్" అంటున్నాడు. వాళ్లమ్మ ఏడుస్తోంది. "వద్దని చెప్పాలా, చెయ్యనివ్వాలా సార్" అని అడిగారు.

నమస్తే అండి. వద్దని చెప్పకండి, అలా చెయ్యనివ్వకండి కూడా. మీవాడు పట్టుకున్న లక్ష్యం మంచిదే, కాకపోతే రెండు మూడేళ్ల తర్వాత రావాల్సిన పరీక్షకి ఇవాళ్టి నుంచే ఒళ్లు విరగ్గొట్టుకుంటున్నాడు, మధ్యలో ఉన్న మెట్లన్నీ వదిలేశాడు.

ముందు ఆ దారి సంగతి చెప్తాను, చాలామంది పిల్లలకి ఇదే తెలీదు. ఇంటర్ పాసై నేరుగా వెళ్లి కమాండో అయిపోవడం ఉండదు. ముందు సైనికుడు అవ్వాలి, ఎస్ఎఫ్ ఆ తర్వాతే. రిక్రూట్‌గా పారాచూట్ రెజిమెంట్‌లోనే పడినా బెంగళూరులోని ట్రైనింగ్ సెంటర్‌లో మొదట నేర్పేది మామూలు సిపాయి పనే, వేరే యూనిట్లలో ఉన్నవాళ్లయితే వాలంటీర్‌గా పేరిచ్చి రావాలి. ఆ తర్వాత నెలల తరబడి ప్రొబేషన్, అంటే కమాండోగా పనికొస్తాడా లేదా అని పరీక్షించే కాలం, అందులో బరువేసుకుని స్పీడ్ మార్చ్‌లు, నిద్ర లేకుండా పనులు, సగం మంది పైన వెనక్కెళ్లిపోతారు. అది దాటితే మెరూన్ బెరెట్ (ముదురెరుపు టోపీ), ఎస్ఎఫ్ వాళ్లకి మాత్రమే ఉండే బలిదాన్ బ్యాడ్జి. పారాచూట్‌తో దూకడం నేర్పేది ఆగ్రాలో, బేసిక్ కోర్సుకి ఐదు జంపులు, అందులో ఒకటి రాత్రిపూట. నేవీ కమాండోలు మార్కోస్ కూడా ఇంతే, ముందు నేవీలో ఉండాలి. 1987లో మొదలైన ఆ ఫోర్స్‌కి మన భీమిలి దగ్గర ఐఎన్ఎస్ కర్ణ అనే బేస్ 2016 నుంచి ఉంది, మీకు దగ్గరే. ఎయిర్‌ఫోర్స్ కమాండోలు గరుడ్ వాళ్ల ట్రైనింగ్ యూపీలోని చాందీనగర్‌లో.

అంటే మీవాడి ముందు ఇవాళ ఉన్న గేటు పారా ఎస్ఎఫ్ కాదు, అగ్నివీర్ (సిపాయిగా చేరే దారి) లేదా ఎన్‌డీఏ (ఇంటర్ తర్వాత ఆఫీసర్ అయ్యే దారి). అగ్నివీర్ అయితే 2023 నుంచి ముందు ఆన్‌లైన్ ఎగ్జామ్, అది పాసైతేనే ర్యాలీ, అంటే గ్రౌండ్‌లో పెట్టే ఒంటి పరీక్షలు. ర్యాలీలో 1.6 కిలోమీటర్ల పరుగు, ఐదున్నర నిమిషాల్లోపు వస్తే ఫుల్ 60 మార్కులు, బీమ్ మీద పది పుల్లప్స్ తీస్తే 40, తొమ్మిదడుగుల గుంత దూకాలి, జిగ్‌జాగ్ కట్టె మీద నడవాలి, అంతే. టైమింగ్ గ్రూపులు మారుతుంటాయి కాబట్టి ఆ ఏడాది నోటిఫికేషన్ మీరే చదవండి, కోచింగ్ సెంటర్ వాళ్లు చెప్పింది నమ్మకండి. ఇందులో ఇటుకలు ఎక్కడా లేవు చూశారా? ఎనిమిది కిలోమీటర్లు బరువుతో ఈడ్చుకుంటూ పరిగెత్తేవాడికి 1.6 టైమింగ్ మెరుగవ్వదు, ఇంకా మొద్దుబారుతుంది. 400 మీటర్ల గ్రౌండ్ నాలుగు రౌండ్లు, ఒక్కో రౌండు 82 సెకన్లలో తిరిగితే సరిపోద్ది. మన పిల్లలు గుంపులో మొదటి రౌండు 65 సెకన్లకే కొట్టేసి మూడో రౌండులో నడుం పట్టుకుని నడుస్తారు. నేనూ డిగ్రీలో ఉండగా ర్యాలీకెళ్లి పరుగు బాగానే తీసి బీమ్ దగ్గర ఏడోదానికి చెయ్యి జారిన బాపతే, ఎందుకంటే ఆరు నెలలు పరిగెత్తానే గానీ ఒక్కరోజూ కొమ్మకి వేలాడలేదు.

ఇప్పుడు ఆ కాలు సంగతి, ఇదే అర్జెంటు. బాబుని కూర్చోబెట్టి మోకాలి కింద ముందెముక లోపలి అంచు వెంబడి బొటనవేలితో నొక్కుకుంటూ రండి. జానెడు మేర అంతా సలుపుగా ఉంటే షిన్ స్ప్లింట్స్ (ఎక్కువ పరుగుతో ముందెముక వెంబడి వచ్చే నొప్పి) అయ్యుండొచ్చు, పరుగు ఆపి రెస్ట్ ఇస్తే సర్దుకుంటుంది. అలా కాకుండా ఒకే చోట, రూపాయి బిళ్లంత జాగాలో వేలు పెట్టగానే ఎగిరిపడితే, రాత్రి పడుకున్నప్పుడు కూడా నొప్పుంటే, ఒంటి కాలి మీద నిలబడలేకపోతే అది ఎముకలో సన్న పగులు కావచ్చు. ఏదైనా ఈ వారమే ఎముకల డాక్టర్‌కి చూపించండి. ఎక్స్‌రేలో ఏమీ లేదన్నారని మర్నాడే రోడ్డెక్కొద్దు, మొదటి వారాల్లో ఆ పగులు ఎక్స్‌రేలో కనపడకపోవచ్చు, ఎమ్మారైలో తెలుస్తుంది. పగులే అయితే ఆరు నుంచి ఎనిమిది వారాలు పరుగు బంద్. ఓర్చుకుని పరిగెడితే అది పూర్తిగా విరిగిపోవచ్చు, అప్పుడు ఆ ఏడాది ర్యాలీ పోయినట్టే.

బాబూ, ఇక్కణ్ణించి నీకు. నీ పట్టుదల మీద నాకు డౌట్ లేదు, మూడింటికి లేచేవాడికి అది ఉంది. కానీ ఊపిరితిత్తులు, కండలు వారాల్లో అలవాటు పడతాయి, ఎముకకి నెలలు పడుతుంది, అందుకే దమ్ము పెరిగిందని నువ్వు స్పీడు పెంచేలోపు లోపల ఎముక వెనకబడిపోతుంది. ఒక ఇటుక సుమారు మూడు కిలోలు, నాలుగంటే పన్నెండు, దాంతో తారు రోడ్డు మీద పరుగు. అనుభవమున్న సైనికులు కూడా ట్రైనింగ్‌లో బరువేసుకుని ఎక్కువ నడుస్తారు, పరుగు అవసరమైన చోటే. డాక్టర్ ఓకే అన్నాక మట్టి గ్రౌండ్‌లో నడక, పరుగు కలిపి మొదలుపెట్టు, వారానికి పదో వంతు మించి పెంచకు. బరువు ఎత్తుకోవడం ఆర్నెల్ల తర్వాత, వారంలో ఒకే ఒక్కసారి, నడక మాత్రమే, నీ ఒంటి బరువులో పదో వంతుతో మొదలు. అది కూడా ఇటుకలతో కాదు, అవి అడుగడుక్కీ ఊగి నడుముకి కొడతాయి, నీ వీపు కింద చర్మం లేచిపోయి ఉంటుంది చూసుకో. ఇసకని రెండు ప్లాస్టిక్ కవర్లలో కట్టి, పాత తువ్వాలులో చుట్టి, భుజం ఎముకల మధ్యకి వచ్చేలా బ్యాగులో పైన పెట్టు, కింద ఖాళీకి దుప్పటి కుక్కు, పట్టీలు బిగించు, బ్యాగు ఒంటికి అంటుకున్నట్టు ఉండాలి. కాలిగోళ్లు అడ్డంగా సమంగా కత్తిరించు, మూలలు లోపలికి తియ్యకు. పెద్ద పెద్ద మార్చ్‌ల్లో మనుషులు చిన్న బొబ్బ దగ్గర కూలబడతారు.

ఎండ సంగతి కూడా. మే నెలలో పదింటికి గ్రౌండ్‌లో ఉండటం వీరత్వం కాదు. చెమట ఆగిపోయినా, మాట తడబడినా, బాగా కష్టపడ్డాక మూత్రం కోలా రంగులో వచ్చినా ఇంట్లో చెప్పి వెంటనే హాస్పిటల్‌కి వెళ్లు. అలాగే శ్వాస బిగబట్టే ప్రాక్టీసని వీడియో చూసి చెరువులోనో కాలవలోనో ఒంటరిగా మునగకు, నీళ్లలోనే స్పృహ పోవచ్చు, అరిచే టైం కూడా ఉండదు. ఈత నేర్చుకో, తప్పకుండా నేర్చుకో, కానీ నేర్పేవాళ్ల ముందు. పౌడర్ డబ్బాల జోలికి పోకు, గుడ్లు, పప్పు, పల్లీలు, రాగి అంబలి, పెరుగు, రెండు పూటలా కడుపునిండా అన్నం చాలు, జిమ్‌లో ఎవడైనా ఇంజెక్షన్ అంటే ఆ జిమ్మే మానెయ్.

నిద్ర. ప్రొబేషన్‌లో నిద్ర ఉండదు కాబట్టి ఇప్పట్నించే అలవాటు చేసుకుంటానంటున్నావు, నిద్రలేమి అలవాటయ్యేది కాదు, ఎముక అతుక్కోవాలన్నా కండ పెరగాలన్నా నిద్ర కావాలి. పదింటికి పడుకుని ఐదున్నరకి లే. మనసుకి ప్రాక్టీస్ కావాలంటే వేరేది చెప్తాను. పరుగు అయిపోయాక రొప్పుతూ ఉండగానే చెల్లినో ఫ్రెండ్‌నో ఒక తువ్వాలు కింద పది వస్తువులు పెట్టమను, తాళం, బటను, చింతగింజ, ఏదైనా, నిమిషం చూసి మూసెయ్యాలి, పదీ గుర్తుచేసి రాయి. మొదట్లో నాలుగే వస్తాయి. పదిహేడో ఎక్కం వెనక నుంచి చెప్పు. ఒంట్లో ఓపిక లేనప్పుడు బుర్ర పనిచెయ్యాలి, సెలెక్షన్‌లో వాళ్లు చూసేవాటిలో ఇదొకటి.

ఇంకోటి, ఎవరూ చెప్పనిది. మన కుర్రాళ్లు ట్రైనింగ్ సెంటర్లలో బెంబేలెత్తిపోయేది పరుగుకి కాదు, హిందీకి. ఉస్తాద్ (ట్రైనింగ్ ఇచ్చేవాడు) చెప్పేది సగం అర్థంకాదు, తప్పు చేస్తావు, అరుస్తాడు, రాత్రి రొట్టెలు దిగవు, అమ్మ ఫోన్ చేస్తే ఏడుపొస్తుంది, అక్కడ ధైర్యం చెదురుతుంది. కాబట్టి రోజూ అరగంట హిందీ మాట్లాడు, మార్కెట్లో పనిచేసే బీహార్ అన్నలతో మాట్లాడు, తప్పులు పోనీ. నెలలో వారం రోజులు పూర్తిగా నీ పని నువ్వే చేసుకో, బట్టలు ఉతుక్కో, గిన్నె కడుక్కో, ఉప్పు తక్కువైనా మాట్లాడకుండా తిను. నాన్న తిడితే ఎదురు మాట్లాడకుండా విని, "సరే" అని, చెప్పింది చేసి చూడు. నువ్వు నవ్వుకుంటావు గానీ ఇది ఇటుకల కంటే కష్టం.

తండ్రి గారూ, మళ్లీ మీకు. రెండేళ్లు కష్టపడ్డాక మెడికల్‌లో తేలేకంటే ముందే చూసుకోండి. పాదాలు తడిపి పొడి గచ్చు మీద నిలబడమనండి, అచ్చులో లోపలివైపు వంపు లేకుండా పాదం మొత్తం పడితే ఫ్లాట్ ఫుట్, డాక్టర్‌ని అడగండి. రెండు మోకాళ్లు ఆనించి నిలబడినప్పుడు చీలమండలు దూరంగా ఉంటే నాక్ నీ. రంగుల టెస్ట్, చెవిలో గుబిలి, పళ్లు, ఇవన్నీ చూస్తారు. పచ్చబొట్టు పొడిపించుకోనివ్వకండి.

అగ్నివీర్ నాలుగేళ్ల సర్వీసు, బ్యాచ్‌లో 25 శాతం వరకే పర్మనెంట్ అవుతారు, ఇది మీ ఇంట్లో కూర్చుని మాట్లాడుకోవాల్సిన విషయం. వాడికి ఎంపీసీ ఉంది, పంతొమ్మిదిన్నర దాటకపోతే ఎన్‌డీఏ రాయొచ్చు, యూపీఎస్సీ ఏడాదికి రెండుసార్లు పెడుతుంది, పాసైతే ఐదు రోజుల ఎస్ఎస్‌బీ ఇంటర్వ్యూ. వయసు దాటితే డిగ్రీ చేసి సీడీఎస్ (డిగ్రీ వాళ్లకి ఆఫీసర్ పరీక్ష), ఆఖరి ఏడాదిలోనే రాయొచ్చు. ఆఫీసర్లు కూడా పారా ఎస్ఎఫ్‌కి వాలంటీర్ చెయ్యొచ్చు, ఈ మాట వాడితో చెప్పండి, పుస్తకం తీస్తాడేమో. నా ఓటు దీనికే, ఒళ్లు నయమయ్యే ఆ రెండు నెలలూ లెక్కలు ఎలాగూ చేసుకోవచ్చు కదా. ప్రొబేషన్‌లో వెనక్కొచ్చినా వాడు తన యూనిట్‌లో సైనికుడే, ఉద్యోగం పోదు, వాళ్లమ్మకి ఇది చెప్పండి. తాడేపల్లిగూడెం దగ్గర మాధవరాన్ని మిలిటరీ మాధవరం అనే పిలుస్తారు, ప్రపంచ యుద్ధాల కాలం నుంచి ఆ ఊరి నుంచి ఆర్మీకి వెళ్తూనే ఉన్నారు, వాళ్లలో కమాండోలు ఎందరని ఎవరూ అడగరు.

డాక్టర్ ఏమన్నాడో, గచ్చు మీద అచ్చు ఎలా పడిందో, ఎన్‌డీఏకి వయసు సరిపోతుందో లేదో చూసి మళ్లీ రాయండి, అప్పుడు నెలవారీ ప్లాన్ వేద్దాం. ఆ నాలుగు ఇటుకలూ మాత్రం ఇవాళే గోడ పక్కన పెట్టించండి.