గోబర్ గ్యాస్ కోసం రెండు రూపాయల వడ్డీకి అప్పు తేవచ్చా?

ఉరవకొండ దగ్గరి ఊరి నుంచి ఒక అక్క అడిగారు: "మూడు ఆవులున్నాయి. ఏడాదికి ఎనిమిది సిలిండర్లు పడతాయి, అందులో మూడు దీపం 2 పథకం కింద ఉచితం. బేల్దారి రెండు ఘనమీటర్ల గోబర్ గ్యాస్ ప్లాంటు 45,000కు కట్టిస్తానంటున్నాడు. రెండు రూపాయల వడ్డీకి తెచ్చి కట్టించుకోవచ్చా?"

అక్కా, ప్లాంటు మంచిదే, ఆ అప్పు మాత్రం వద్దు. 45,000కు రెండు రూపాయల వడ్డీ అంటే నెలకు 900, ఏడాదికి 10,800, అసలు అట్లాగే ఉంటుంది. మీరు డబ్బు పెట్టి కొనేది ఐదు సిలిండర్లే, ఒక్కోటి 900 వేసుకున్నా 4,500. ఆ మాత్రం మిగలడానికి పదివేల పైన వడ్డీ కడతారా?

సైజు దగ్గర కూడా తేడా ఉంది. రెండు ఘనమీటర్లకు రోజూ 50 కిలోల పేడ, దానికి సమానంగా నీళ్లు కావాలి. ఆవుకు రోజుకు 10 కిలోలు వేసుకున్నా మీ మూడింటికి 30, అదీ మేతకు తోలకుండా కొట్టంలోనే కట్టేస్తే. పేడ చాలకపోతే తొట్టి ఎంత పెద్దదైనా గ్యాస్ పెరగదు. ఒక ఘనమీటరుదానికి 25 కిలోలు చాలు, బోర్లు ఎండిపోయే మన జిల్లాలో నీళ్లు సగానికి తగ్గడం చిన్న సంగతి కాదు. ఆ చిన్న ప్లాంటే నెలకు దాదాపు 13 కిలోల ఎల్పీజీకి సమానమైన గ్యాస్ ఇస్తుంది. సిలిండరులో ఉండేది 14.2 కిలోలు, అది మీ ఇంట్లో నెలన్నర వస్తోంది కదా, ఇంకేం కావాలి?

ఎరువు ఆదాయం అని కూడా చెబుతారు. గ్యాస్ పోయాక ప్లాంటు నుంచి బయటికొచ్చే పేడనీళ్లు, అంటే స్లర్రీ, మంచి ఎరువే, కానీ ఆ పేడ ఇప్పుడూ దిబ్బలో ఎరువే అవుతోంది కాబట్టి దాన్ని కొత్త రాబడిగా లెక్కేయొద్దు.

దేశంలో వాడే ఎల్పీజీలో సగానికి పైగా దిగుమతే, ధర మన చేతిలో లేదు, అందుకే మీ పొయ్యి మీ పేడతోనే వెలగాలని నాకు గట్టిగా ఉంది. ముందు ఒక వారం పేడ తూకం వేసి చూడండి. 25 కిలోలు నిలకడగా వస్తుంటే అనంతపురంలో రాష్ట్ర పునరుత్పాదక ఇంధన సంస్థ ఎన్‌ఆర్‌ఈడీక్యాప్ (పాత పేరు నెడ్‌క్యాప్) ఆఫీసుకు వెళ్లి సబ్సిడీ ఉందేమో అడగండి, అనుమతి చేతికొచ్చాకే గుంత తవ్వించండి. సబ్సిడీ పోను మీ చేతి నుంచి 20,000 దాటకపోతేనే ముందుకెళ్లండి, తక్కువ పడితే డ్వాక్రా సంఘం లోను చూడండి, దాని వడ్డీ సాధారణంగా రూపాయి లోపే ఉంటుంది. గ్యాస్ కనెక్షన్ మాత్రం వదలొద్దు. చలికాలంలో ప్లాంటులో గ్యాస్ తగ్గుతుంది, ఆ నెలలకు ఉచిత సిలిండర్లు ఉండనే ఉన్నాయి.