రీజెన్సీ ప్రేమకథల్లో హీరోయిన్ తన ప్రేమను ఏళ్ల తరబడి ఎందుకు చెప్పదు?

చెప్పే దారి లేకపోవడమే అసలు కారణం. మూడో జార్జి రాజు జబ్బుపడటంతో 1811 నుంచి 1820 దాకా ఆయన కొడుకు రాజప్రతినిధిగా ఇంగ్లండ్‌ను ఏలిన కాలమే రీజెన్సీ. పెళ్లి మాట మగవాడే ఎత్తాలి. నిశ్చితార్థం కాకుండా ఉత్తరాలు రాసుకుంటే అమ్మాయి పరువు పోయేది. ఒకరితోనే రెండు డాన్సులకు మించి చేస్తే అందరూ గుసగుసలాడేవారు. అబ్బాయికీ ఇబ్బందే: భూమి, భవంతి మామూలుగా పెద్దకొడుక్కే దక్కేవి కాబట్టి, చిన్నవాడు నౌకాదళంలోనో చర్చిలోనో నిలదొక్కుకునే దాకా నోరు విప్పలేడు.

అందుకే క్లీన్ రొమాన్స్‌కి, అంటే పడకగది సీన్లు లేని ప్రేమకథలకి, ఈ కాలం బాగా నప్పుతుంది. ముద్దు సీన్లు అక్కర్లేదు, చేయి అందించి బండి ఎక్కించడమే పెద్ద ఘట్టం. ఆమె కళ్లెదుటే అతను వేరొకరితో డాన్స్ చేస్తుంటే నాకు నిజంగా గుండె బరువెక్కుతుంది. ఆ ఎదురుచూపును రెండు పేజీల్లో తేల్చేసే కథలు మాత్రం నాకు నచ్చవు.