పాత ఫిల్మ్ కెమెరా లెన్సులు కొత్త మిర్రర్‌లెస్ బాడీకి పనిచేస్తాయా?

పనిచేస్తాయి, సరైన అడాప్టర్ ఉంటే దాదాపు ఏ పాత ఎస్‌ఎల్‌ఆర్ (లోపల అద్దం ఉండే కెమెరా) లెన్సునైనా మిర్రర్‌లెస్ కెమెరాకు బిగించవచ్చు, కాకపోతే ఫోకస్ చాలావరకు చేత్తోనే తిప్పుకోవాలి.

ఇలా బిగించగలగడానికి కారణం దూరం. మౌంటు (లెన్సు బిగించే చోటు) నుంచి ఫిల్మ్ ఇంత దూరంలో ఉంటుందన్న లెక్కతోనే ప్రతి లెన్సూ తయారవుతుంది. పాత కెమెరాల్లో మధ్యలో అద్దం పైకీ కిందికీ కదలాలి కాబట్టి ఆ దూరం ఎక్కువ. మిర్రర్‌లెస్‌లో అద్దమే లేదు, దూరం తగ్గింది. మిగిలిన ఖాళీని నింపే లోహపు గొట్టమే అడాప్టర్.

నికాన్ ఎఫ్ లెన్సుకు 46.5 మి.మీ. కావాలి, సోనీ ఇ మౌంటులో ఉన్నది 18 మి.మీ. అంటే అడాప్టర్ 28.5 మి.మీ. మందం ఉంటే చాలు. తిరగేస్తే కుదరదు: 42 మి.మీ. దూరం కావాల్సిన కెనాన్ ఎఫ్‌డీ లెన్సును 44 మి.మీ. దూరం ఉండే ఈఎఫ్ మౌంటు డీఎస్‌ఎల్‌ఆర్‌కి (అద్దం ఉండే డిజిటల్ కెమెరా) తగిలిస్తే, మధ్యలో అదనపు గాజు లేకుండా దూరపు కొండలకు ఫోకస్ అందదు.

అడాప్టర్ పెడితే ఫొటో నాణ్యత పడిపోతుందని చాలామంది అనుకుంటారు. మామూలు అడాప్టర్‌లో పాడుచేయడానికి అసలు గాజే ఉండదు! వదులుగా, వంకరగా ఉండే చవక రకంతో మాత్రం ఫొటో ఒక పక్క మసకబారవచ్చు. బిగించాక షట్టర్ పడకపోయినా టెన్షన్ అక్కర్లేదు; లెన్సు లేకుండా కూడా షట్టర్ పడనిచ్చే సెట్టింగ్‌ను మెనూలో ఆన్ చేయాలి.