చైనా ఎదుగుతోందని డబ్బు పెట్టబోయే ముందు

చిరంజీవి నానీకి, అత్తయ్య ఆశీస్సులు.

బోనస్ డబ్బంతా చైనా కంపెనీల షేర్లు కొనే మ్యూచువల్ ఫండ్‌లోనూ, ఇక్కడి మెటల్ షేర్లలోనూ పెడతానని నిన్న ఫోన్‌లో అన్నావు. "అంత పెద్ద దేశం ఎదుగుతుంటే మనకేం నష్టం అత్తయ్యా?" అని అడిగావు. ఆ మాట విన్నప్పటి నుంచి నాకు నిద్ర లేదు. 2008 జనవరిలో నేనూ అచ్చం అలాగే అనుకున్నాను.

అప్పుడు బీజింగ్ ఒలింపిక్స్‌కి ఏర్పాట్లు జరుగుతున్నాయి. అంతకు ముందు ఏడాది చైనా ఆర్థిక వ్యవస్థ 14 శాతం పెరిగింది. చైనాకి పంపడానికి బళ్లారి ఇనుప ఖనిజం లారీలకు లారీలు రేవులకు పోతోంది. స్థలం అమ్మిన డబ్బులో 2 లక్షలు పెట్టి, సంక్రాంతికి ముందు ఒక ఉక్కు కంపెనీ షేర్లు కొన్నాను. పండగ వెళ్లి వారం తిరక్కుండానే, 21న సెన్సెక్స్ 1,408 పాయింట్లు పడింది. మర్నాడు మార్కెట్ తెరిచిన కాసేపటికే ట్రేడింగ్ గంటసేపు ఆపేశారు. గవర్నర్‌పేటలో బ్రోకర్ ఆఫీసు నిండా జనం, ఒక్కరి నోటా మాట లేదు. అందరి కళ్లూ టీవీ మీదే. షేర్లు కొన్నట్టు బ్రోకర్ ఇచ్చిన కాగితం, కాంట్రాక్ట్ నోట్, నా చేతిలోనే మడతలు పడి చెమటకి మెత్తబడిపోయింది. అక్టోబరులో భయపడి అమ్మేస్తే చేతికొచ్చింది 50 వేలు.

ఆ ఏడాది చైనా ఎదుగుదల ఆగిపోయిందా అంటే లేదు, 9 శాతానికి పైనే పెరిగింది. కానీ నేను కొన్న ధరలో 14 శాతం ఎప్పటికీ ఉంటుందన్న ఆశ ముందే కలిసిపోయి ఉంది. ఇంతలో అమెరికా సంక్షోభం వచ్చింది. అక్కడ డబ్బు అవసరమైన విదేశీ ఫండ్లు ఇక్కడి షేర్లు అమ్ముకుని పోయాయి. నవంబరులో చైనా ప్రభుత్వం తమ ఆర్థిక వ్యవస్థను నిలబెట్టడానికి 4 లక్షల కోట్ల యువాన్ల ప్యాకేజీ ప్రకటించింది. మరుసటి ఏడాది మెటల్ షేర్లు మళ్లీ లేచాయి, కానీ అప్పటికి నా దగ్గర ఒక్క షేరూ లేదు.

ఇంకో సంగతి గట్టిగా గుర్తుపెట్టుకో. మనకి సెన్సెక్స్ ఎలాగో చైనాకి షాంఘై సూచీ అలాగ. అది 2007 అక్టోబరులో 6,124 దాకా వెళ్లింది. ఆ తర్వాత చైనా ఆర్థిక వ్యవస్థ దాదాపు 5 రెట్లయింది. సూచీ మాత్రం ఆ గీత మళ్లీ దాటలేదు. అప్పటి ధరలే విపరీతం. పైగా కంపెనీలు కొత్త షేర్లు జారీ చేస్తూ పోతే, పెరిగిన లాభం ఎక్కువ మందికి పంచుకోవాల్సి వస్తుంది. దేశం ఎదగడం వేరు, నీ డబ్బు ఎదగడం వేరు నాన్నా.

చైనా మీద ఇన్వెస్టర్లకి ఆశ పుట్టినా మనకి దెబ్బ తగలొచ్చు. 2024 సెప్టెంబరు చివర చైనా వడ్డీలు తగ్గించి ఉద్దీపన చర్యలు ప్రకటించగానే అక్కడి షేర్లు ఎగిశాయి. అక్టోబరు ఒక్క నెలలో విదేశీ ఇన్వెస్టర్లు మన షేర్లలోంచి 90 వేల కోట్ల రూపాయలకు పైగా తీసుకుపోయారు. మన ధరలు అప్పటికే ఎక్కువగా ఉండటం, కంపెనీల ఫలితాలు నీరసంగా ఉండటం కూడా కారణాలే. కానీ పెద్ద విదేశీ ఫండ్లకి ఇండియా, చైనా రెండూ 'ఎదుగుతున్న దేశాలు' అనే ఒకే బుట్టలోవి. అక్కడ పెంచాలంటే ఇక్కడ తగ్గిస్తారు.

అందుకని బోనస్ మొత్తం ఒకేసారి పెట్టకు. అందులో ఐదో వంతు మాత్రం తీసి, దాన్ని ఏడాది పాటు నెలనెలా కొంచెం కొంచెంగా పెట్టు. మెటల్ కంపెనీ అయితే రాగి, అల్యూమినియం ధరలు లండన్ మెటల్ ఎక్స్ఛేంజ్‌లో ఎలా ఉన్నాయో చూడు, ఆ కంపెనీకి అప్పు ఎంతుందో చూడు. లోహం రేటు పడినప్పుడు అప్పున్న కంపెనీయే ముందు కుంగుతుంది. చైనా ఫండ్‌లో నీ రాబడి రూపాయి విలువ మీద కూడా ఆధారపడుతుంది. మన ఫండ్లు విదేశాల్లో పెట్టే డబ్బుకి అన్నిటికీ కలిపి పరిమితి ఉంది కాబట్టి, కొన్నిసార్లు కొత్త డబ్బు తీసుకోవడం ఆపేస్తారు. నెలనెలా కట్టగలవో లేదో ముందే కనుక్కో. చెల్లి కాలేజీ ఫీజు డబ్బు మాత్రం ఇందులో ముట్టుకోవద్దు.

ఆ ఫండ్ పేరు, నువ్వు చూసిన షేర్ల పేర్లు నాకు పంపు. ఆదివారం భోజనానికి రా, ఇద్దరం కూర్చుని ఒక్కొక్కటీ చూద్దాం. ఆ పాత కాంట్రాక్ట్ నోట్ బీరువాలోనే ఉంది, తీసి పెడతాను.

మీ అత్తయ్య