ఫ్లైబాయ్స్ సినిమాలో చూపించిన కథ నిజంగా జరిగిందా?

సగం నిజం, సగం సినిమా. 2006లో వచ్చిన ఈ సినిమాకి ఆధారమైన లఫాయెట్ ఎస్కాడ్రిల్ అనే యుద్ధ విమానాల దళం మాత్రం నిజంగా ఉంది. అమెరికా మొదటి ప్రపంచ యుద్ధంలోకి దిగింది 1917 ఏప్రిల్‌లో. దానికి ఏడాది ముందే కొంతమంది అమెరికన్ కుర్రాళ్లు తమంతట తాముగా ఫ్రాన్స్ వెళ్లి, అక్కడి సైన్యం తరఫున విమానాలు నడిపారు. మొత్తం 38 మంది, పైన ఫ్రెంచ్ అధికారులు. జాన్ రెనో వేసిన కెప్టెన్ తెనో పాత్ర నిజమైన మనిషే. సినిమాలో కనిపించే సింహం కూడా కల్పన కాదు, అసలు దళంలో విస్కీ, సోడా అని రెండు ఉండేవి!

నల్లజాతి బాక్సర్ స్కిన్నర్ పాత్రకి మూలం యూజీన్ బుల్లార్డ్. ఆయన ముందు కాల్బలంలో పోరాడి, ఫ్రాన్స్‌లోని వెర్డన్ యుద్ధంలో గాయపడి, ఆ తర్వాత 1917లో పైలట్ అయ్యాడు, కానీ ఈ దళంలో కాదు, వేరే ఫ్రెంచ్ దళాల్లో ఎగిరాడు. అమెరికా యుద్ధంలోకి వచ్చాక కూడా వాళ్ల సైన్యం ఆయన్ని పైలట్‌గా తీసుకోలేదు. నన్నడిగితే ఆయన మీదే విడిగా ఒక సినిమా తీయొచ్చు.

హీరోకి, ఆ పల్లెటూరి ఫ్రెంచ్ అమ్మాయికి మధ్య ప్రేమకథ మాత్రం సినిమా కోసం అల్లిందే, ఒకరి భాష ఒకరికి రాక తంటాలు పడే సీన్లు బానే ఉంటాయి గానీ. ఇక సినిమాలో కనిపించే జర్మన్ల ఎర్రటి మూడు రెక్కల విమానాలంటారా, అవి యుద్ధంలోకి వచ్చిందే 1917 రెండో సగంలో, పైగా అన్నీ ఎర్రగా ఉండేవి కావు.