కెటిల్ నీళ్లు గట్టు మీద పోతున్నాయా?

గుంటూరు అరండల్‌పేట నుంచి ఒక పిన్నిగారు అడిగారు: "మా కోడలు అమెరికాలో కొత్త కాపురం పెట్టింది. పొయ్యి మీద పెట్టే విజిల్ కెటిల్ కొనుక్కుంది. నీళ్లు వంచినప్పుడల్లా చేతికి ఆవిరి కొడుతోందట, కొన్ని నీళ్లు గట్టు మీదే పోతున్నాయట. ఇక్కడి నుంచి కరెంటు కెటిల్ పంపమంటారా?"

వద్దు పిన్నిగారూ. మన ఇళ్లలో కరెంటు 230 వోల్టులు, అక్కడ 120. ఇక్కడ 1500 వాట్లు లాగే కెటిల్ అక్కడ 400 వాట్ల దగ్గరే ఆగిపోతుంది. అడాప్టర్ పెడితే ప్లగ్గు పడుతుందేగానీ వోల్టేజి మారదు. కప్పు నీళ్లు కాగేలోపు టీ మీద మనసే పోతుంది. ఆ చోటులో ఇంకో పచ్చడి సీసా సర్దండి. కరెంటు కెటిల్ కావాలంటే అక్కడే కొనుక్కుంటుంది.

ఇక ఉన్న కెటిల్ సంగతి. మనం గిన్నెలో టీ కాచి పట్టకారుతో పట్టుకుని వడపోసేవాళ్లం. గిన్నె నోరు వెడల్పు కాబట్టి ఆవిరి ఎటో పోతుంది. కెటిల్‌కి మూత బిగించి ఉంటుంది, ఆవిరి బయటపడాలంటే కొమ్మే దారి. చాలావాటికి విజిల్ మూత కూడా ఆ కొమ్ము మీదే ఉంటుంది, దాన్ని ఎత్తబోయిన వేలికి ఆవిరి సూటిగా తగులుతుంది. పైగా కొమ్ముకు కాస్త ఎడంగా తెల్లగా కనిపించేది అప్పటికే చల్లబడిన నీటి తుంపర. అసలు ఆవిరి కొమ్ము అంచు దగ్గర, ఖాళీగా ఉన్నట్టు కనిపించే చోట ఉంటుంది. అది చర్మానికి తగలగానే నీరుగా మారుతూ తనలోని వేడంతా అక్కడే వదిలేస్తుంది. మరిగే నీళ్లకంటే ఆవిరి ఎక్కువ కాల్చేది ఇందుకే.

కాబట్టి విజిల్ మోగగానే వంచేయొద్దని చెప్పండి. పొయ్యి ఆపి, ఉడుకు తగ్గేదాకా ఓ అర నిమిషం ఆగాలి. కరెంటు పొయ్యి అయితే ఆపినా ప్లేటు చాలాసేపు కాలుతూనే ఉంటుంది, కెటిల్‌ని పక్కకు జరపాల్సిందే. ఆ తర్వాత మసిగుడ్డతో విజిల్ మూత ఎత్తి, ఒక్క క్షణం ఆవిరి పోనిచ్చి అప్పుడు వంచాలి. కప్పు గట్టు మీదే ఉండాలి, చేత్తో పట్టుకోకూడదు. నీళ్లు కొమ్ము మొదలుకు కిందే ఉండేలా పోసుకోవాలి. నిండా పోస్తే మరిగేటప్పుడు కొమ్ములోంచి చిమ్ముతాయి. గ్యాస్ మంట అడుగు దాటి పక్కలకు ఎగబాకితే పిడి కూడా కాలుతుంది.

గట్టు మీద పోవడానికి కారణం మాత్రం భయమే. ఒలుకుతాయేమోనని మెల్లగా వంచుతాం. సన్నటి ధార కొమ్ము అంచుకు అంటుకుని, దాని కిందుగా వెనక్కి జారుతుంది. కాస్త ధైర్యంగా, ధార తెగకుండా వంచితే నీళ్లు ఎగిరి కప్పులోనే పడతాయి. ధార ఇలా అంచుకు అంటుకుని జారడానికి 1956లో మార్కస్ రైనర్ అనే శాస్త్రవేత్త 'టీపాట్ ఎఫెక్ట్' అని పేరు పెట్టాడు. కారకుండా ఉండే కొమ్ము ఎలా ఉండాలో లెక్కలు కట్టినవాళ్లకు 1999లో ఇగ్ నోబెల్ (నవ్విస్తూనే ఆలోచింపజేసే పరిశోధనలకు ఇచ్చే సరదా బహుమతి) కూడా ఇచ్చారు. అంచేత మీ కోడలి పనితనాన్ని తప్పుపట్టకండి!

కొమ్ము అంచు మొద్దుగా, గుండ్రంగా ఉన్న కెటిల్ ఎలా వంచినా కాస్తో కూస్తో కారుతుంది. కొత్తది తెచ్చుకున్న రోజే చన్నీళ్లు పోసి సింకులో వంచి చూడాలి. మూత ఊడి పడినా, పిడి సరిగ్గా మూత మీదికే వచ్చి ఉన్నా ఆ కెటిల్ వద్దు. రసీదు ఉంటే వెనక్కి ఇచ్చేయొచ్చు, అక్కడ ఎవరూ చిన్నచూపు చూడరు. అందం చూసి కొన్న కెటిల్‌తో రోజూ పాట్లు పడటం నాకైతే నచ్చదు.

ఎప్పుడైనా చెయ్యి కాలితే పసుపు, పేస్టు, ఐసు ఏవీ వద్దు. వాచేలోపే గాజులు, ఉంగరాలు తీసేసి, కుళాయి కింద 20 నిమిషాలు చల్లటి నీళ్లు పోనివ్వాలి. అరచేతికంటే పెద్దగా కాలినా, ముఖం మీద బొబ్బలెక్కినా డాక్టరు దగ్గరికి వెళ్లాల్సిందే.

ఏదో ఒకటి పంపాలని మీకు ఉంటే, పట్నంబజారులో మంచి పట్టు ఉన్న స్టీలు పట్టకారు ఒకటి కొని పంపండి. క్యాబిన్ బ్యాగులో పెట్టొద్దు, చెకిన్ సామానులో వేయమనండి.